మూడువందల యాభై గుర్రాల బండి

మార్చిలో ఆ శుక్రవారం పొద్దున రోడ్డు మీద ఉన్నవాళ్లం నలుగురం. బండి సొంతదారు, మా గ్యారేజీ యజమాని అయిన అర్బాబ్; అక్కడ యజమానిని అలాగే పిలుస్తారు. ఆ బండి ఇంజన్ విప్పి మళ్లీ కట్టిన కడప భాయ్. కొలతలు తీయవలసిన నేను. రోడ్డు సైటుకు కాపలా ఉన్న జగిత్యాల వైపు మనిషి. ఉన్న వస్తువులు: రెండు తలుపుల పాత అమెరికా కారు, స్టాప్‌వాచ్, థర్మామీటరు, టైర్లలో గాలి చూసే గేజి, నీళ్ల డబ్బాలు రెండు, మంటలార్పే సిలిండరు, తెల్ల టేపు చుట్ట, ఇసుక లారీలు తూచే కాటా దగ్గర తీసుకున్న బరువు చీటీ, అర్బాబ్ ఇంటి నుంచి తెచ్చిన కావా అనే అరబ్బు కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా. లేనిది భాయ్ రిలీజ్ పేపరు. దాని కోసమే మిగతావన్నీ అక్కడికి వచ్చాయి.

రిలీజ్ అంటే ఏమిటో ఒమాన్‌లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు చెప్తాను. ఒక కంపెనీ వీసా మీద వెళ్లినవాడు ఇంకో కంపెనీకి మారాలంటే పాత యజమాని అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉన్నచోటే ఉండాలి, లేదా ఇంటికి వెళ్లిపోవాలి. వెళ్లినవాడు మళ్లీ రావడానికి ఏళ్లు పట్టేది. ఆ సంతకం పెట్టాలని గాని, ఫలానా కారణం ఉంటేనే మానాలని గాని నియమం ఏదీ ఉన్నట్టు మాకు తెలియదు. అది యజమాని మనసును బట్టి ఉండేది.

భాయ్‌కి నిజ్వాలో ఫోర్‌మన్ ఉద్యోగం దొరికింది. అక్కడ ఒక పెద్దాయన కొత్త గ్యారేజీ కడుతున్నాడు, చలికాలానికి తెరుస్తానన్నాడు. మా దగ్గర భాయ్ వీసాలో రాసి ఉన్నది హెల్పర్ అని. హెల్పర్‌కి భార్యను తెచ్చుకునే వీలు లేదు. ఫోర్‌మన్‌కి ఉంది. భాయ్‌కి పెళ్లయిన మొదటి ఏడాదే వీసా వచ్చింది. ఆ తర్వాత ఆవిడతో కలిసి ఉన్నది సెలవుల్లోనే. ఆవిడ వంట తనకు నచ్చుతుందో లేదో ఇప్పటికీ తెలియదని ఒకసారి అన్నాడు. సెలవుల్లో వెళ్లినప్పుడు చుట్టాలంతా పిలిచి తినిపిస్తారట, ఇంట్లో తినే పూటే దొరకదట.

నా సంగతి కూడా చెప్పాలి. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేశాను. ఏజెంటు దగ్గర ఆ సమయానికి మిగిలిన వీసా కార్పెంటర్‌ది. కాబట్టి ఒమాన్ ప్రభుత్వం దృష్టిలో నేను వడ్రంగిని. గ్యారేజీలో జాబ్ కార్డులు రాయడం, విడిభాగాలు తెప్పించడం నా పని. డ్రైవింగ్ లైసెన్సు లేదు. కంపెనీ లెటరు ఇస్తే తప్ప రాదు, కార్పెంటర్‌కి లెటరు ఎందుకన్నారు. అందుకే కొలతల రోజున స్టీరింగ్ భాయ్ చేతిలో, స్టాప్‌వాచ్ నా చేతిలో ఉన్నాయి.

ఆ కారు ఎవరో విదేశీ ఇంజనీరు వదిలి వెళ్లింది. అర్బాబ్ తండ్రి దాన్ని తీసుకుని ఖర్జూరపు తోటలో టార్పాలిన్ కింద పెట్టి మర్చిపోయాడు. తండ్రి పోయాక గ్యారేజీతో పాటు అదీ కొడుక్కి వచ్చింది. అప్పటికి వైర్లు ఎలుకలు కొరికేశాయి, పిస్టన్లు సిలిండర్లలో తుప్పుతో అతుక్కుపోయాయి. అర్బాబ్‌కి ముప్పై ఏళ్లుంటాయి. మృదువుగా మాట్లాడేవాడు. ఎవరి మీదా గొంతెత్తగా నేను చూడలేదు. హిందీ మాకంటే బాగా మాట్లాడేవాడు. డ్యాష్‌బోర్డు అరలో దొరికిన పుస్తకంలో ఇంజన్ బలం మూడువందల యాభై హార్స్‌పవర్ అని ఉంది. ఆ పేజీ భాయ్‌కి చూపించి, "దీన్ని ఈ బలానికి తీసుకురా. ఆ రోజే నీ రిలీజ్ మీద సంతకం పెడతాను" అన్నాడు. ఈ మాట నా ముందే అన్నాడు.

భాయ్ మిగతా డ్యూటీ అంతా అయ్యాక రోజూ సాయంత్రం ఆ ఇంజన్ దగ్గర కూర్చునేవాడు. సిలిండర్లు కొత్తగా బోరు చేయించాడు, పిస్టన్లు తెప్పించాడు, వాల్వులు తన చేత్తో అరగదీసి కూర్చాడు. అది మొదటిసారి స్టార్టయినప్పుడు గ్యారేజీ రేకులు అదిరాయి. అర్బాబ్ పరిగెత్తుకుంటూ వచ్చి, చెప్పుల్లేకుండా కాంక్రీటు మీద నిలబడిపోయాడు.

ఇక బలం ఎంతో తేల్చాలి. మస్కట్‌లో ఇంజన్ బలం కొలిచే యంత్రం ఎక్కడైనా ఉందేమో మాకు తెలియదు, అందుబాటులో మాత్రం లేదు. తూకం, గడియారం ఉంటే చాలని నేనన్నాను. అయితే ముందే ఒక సంగతి చెప్పాలనుకున్నాను. అజైబాలో అర్బాబ్ ఆఫీసుకు వెళ్లాను.

"పుస్తకంలో ఉన్న మూడువందల యాభై బండిలో రాదు అర్బాబ్."

"ఎందుకు రాదు? భాయ్ పని సరిగ్గా చెయ్యలేదా?"

"కొత్త బండిలోనూ రాలేదు. ఆ రోజుల్లో అమెరికాలో ఇంజన్ని విడిగా స్టాండు మీద పెట్టి కొలిచేవాళ్లు. ఫ్యాన్ తీసేసి, ఆల్టర్నేటర్ తీసేసి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ ఏవీ లేకుండా. అవన్నీ బిగిస్తే సుమారు పావు వంతు పోతుంది. బండిలో ఉన్నప్పుడు రెండువందల అరవై వస్తే పుస్తకంలో ఉన్నంత వచ్చినట్టే."

అతను నవ్వాడు. "నిజ్వా సంతలో మేకకి ఉప్పు తినిపించి, కడుపు నిండా నీళ్లు తాగించి అమ్ముతారు. ఇదీ అంతేనా?"

"దాదాపు అంతే."

"అయితే రెండువందల అరవై. పది అటూ ఇటూ ఐనా ఒప్పుకుంటాను" అని చెయ్యి కలిపాడు. ఇంతకంటే న్యాయంగా మాట్లాడే యజమాని ఉంటాడా అనుకుంటూ రూముకి వచ్చాను.

అజైబా వెనక, కొండల వైపు కొత్తగా వేసి ఇంకా తెరవని రోడ్డు ఉంది. అక్కడి సైట్ ఇంజనీరు అర్బాబ్‌కి తెలిసినవాడు. శుక్రవారం పని ఉండదు గనక పొద్దున రెండు గంటలు వాడుకోనిచ్చాడు. నేను పెట్టిన షరతులు కొన్ని ఉన్నాయి. పాత టైర్లు పగుళ్లు పట్టాయి కాబట్టి కొత్తవి వేయాలి. బ్రేకు లైనింగులు మార్చాలి. సీటు బెల్టులు కొత్తవి కుట్టించాలి. రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ముందు నడిచి చూసి, రాళ్లు, మేకులు ఏరేయాలి. నూట ఇరవై దాటకూడదు. రోడ్డుకు ఆ చివర ఎర్రబట్టతో మనిషి నిలబడాలి.

ఎర్రబట్ట జగిత్యాల ఆయన చేతికిచ్చాను. నలభై దాటిన మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"గిదేం సప్పుడు సార్, రైస్‌మిల్లు లెక్క కొడుతున్నది."

"మేకలు గాని, ఒంటె గాని రోడ్డెక్కితే ఎర్రబట్ట ఊపు అన్నా. మేము ఆపేస్తాం."

"మ్యాకలస్తె ఊపుత. మా ఫోర్‌మన్ అస్తె ఏం ఊపాలె?"

"అప్పుడు ఊపేది ఏం లేదు మామా, ఉరకడమే" అన్నాడు భాయ్ బండిలోంచి.

కొలత పద్ధతి కష్టమైనది కాదు. బరువు తెలుసు: నేనూ భాయ్ కూర్చోగా, సగం ట్యాంకు పెట్రోలుతో, పద్దెనిమిదివందల ఇరవై కిలోలు. ఆ కాటా ఇరవై కిలోలకు తక్కువ తేడా చూపించదు, ఆ లోపం లెక్కలో ఉంచుకున్నాను. స్పీడోమీటరు మైళ్లలో ఉంది, పైగా టైర్లు మారాయి. కాబట్టి కిలోమీటరు రాళ్ల మధ్య ఒకే వేగంతో నడిపించి, గడియారం చూసి, నిజంగా ఎనభై ఎక్కడో నూట ఇరవై ఎక్కడో కనిపెట్టి డయల్ మీద టేపు ముక్కలు అంటించాను. ఎనభై దగ్గర పెడల్ అడుగుదాకా తొక్కితే నూట ఇరవై చేరడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. తర్వాత నూట ఇరవై దగ్గర గేరు తీసేసి వదిలితే గాలీ రోడ్డూ కలిసి దాన్ని మళ్లీ ఎనభైకి దించడానికి ఎంతసేపు తీసుకుంటాయో చూడాలి. మొదటిది ఇంజన్ మిగుల్చుకున్న బలం, రెండోది అది ఖర్చు పెడుతున్న బలం. రెండూ కలపాలి. వాలు, ఎదురుగాలి చెల్లిపోవడానికి రెండు దిక్కుల్లోనూ మూడేసి సార్లు చెయ్యాలి.

"సిద్ధమా ఇంజనీరూ?"

"నేను 'ఊఁ' అనగానే తొక్కు భాయ్. స్టీరింగ్ గట్టిగా పట్టుకో."

"నాకు నేర్పుతాండావా? నువ్వు నీ గడియారం గట్టిగా పట్టుకో అబ్బీ."

తొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కార్బొరేటర్‌లో వెనక గొట్టాలు తెరుచుకున్న చప్పుడు వినిపించింది, ఎవరో ఒక్కసారిగా ఊపిరి పీల్చినట్టు. నా వీపు సీటులోకి దిగిపోయింది. నూట ఇరవై టేపు దగ్గర వాచీ నొక్కాను. కాస్త ఆలస్యమైంది. ఆ పరుగు లెక్కలోంచి తీసేసి మళ్లీ చేయించాను. భాయ్ నవ్వుతూనే ఉన్నాడు. ఆ మనిషి అంతగా నవ్వడం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ వేగంలో భయం లేకపోవడానికి కారణం ధైర్యం కాదు. బ్రేకులు మేమే వేశాం, రోడ్డు మేమే నడిచి చూశాం. అందుకే ఆ రెండు గంటలు నాకు దక్కిన ఆనందం పూర్తిగా నాదే అనిపించింది.

సగటు నాలుగు పాయింట్ రెండు సెకన్లు. గేరు తీసి వదిలితే ఇరవై ఎనిమిది సెకన్లు. మొదటిదాన్నుంచి నూట డెబ్బై తొమ్మిది హార్స్‌పవర్, రెండోదాన్నుంచి ఇరవై ఏడు. మొత్తం చక్రాల దగ్గర రెండువందల ఆరు. గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ మింగేది ఆరో వంతుకు కాస్త పైన. అది కలిపితే రెండువందల నలభై ఎనిమిది. అక్కడి వేడిగాలి పలచన, ఇంజన్‌కి ఊపిరి తక్కువ; దానికి ఇంకో నాలుగు శాతం. బానెట్ మీద కాగితం పెట్టి రాస్తుంటే అర్బాబ్ కావా పోసిన కప్పు నా పక్కన పెట్టి, నా పెన్నునే చూస్తూ నిలబడ్డాడు.

"కిత్నా?"

"రెండువందల యాభై ఎనిమిది. నా లెక్కలో పది అటూ ఇటూ తేడా ఉండవచ్చు. పుస్తకంలో ఉన్నంతా వచ్చినట్టే అర్బాబ్."

అతను భాయ్ రెండు భుజాలూ పట్టుకున్నాడు. "మాషా అల్లా. రేపు ఆఫీసుకు రా" అన్నాడు.

తర్వాత తానే ఒకసారి నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. పెడల్ మొత్తం తొక్కాడు, బండి ముందుకు ఉరికింది. వెంటనే కాలు తీసేశాడు. నుదురు తుడుచుకుని, దీన్ని ఊళ్లో ఎలా నడపాలో చెప్పమన్నాడు. చెప్పాను. ఇంజన్ వేడెక్కేదాకా నెమ్మదిగా పోవాలి. ఊళ్లో పెడల్ సగం దాటి తొక్కకూడదు. వెనక సీటులో పిల్లలుంటే తొంభై దాటకూడదు. పూర్తి బలం కావాలంటే ఇలాంటి ఖాళీ రోడ్డు మీద, రెండు చివర్లా మనుషుల్ని పెట్టుకుని మాత్రమే. అతను ఒక్కొక్కటి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ తిరిగి నాకు అప్పజెప్పాడు. "నాకు ఇద్దరు పిల్లలు. నువ్వు చెప్పినట్టే నడుపుతాను" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. ఆ మాట మీద మాత్రం.

శనివారం భాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని అజైబా వెళ్లాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, పని బట్టలు వేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఏమన్నాడు భాయ్?"

"చాయ్ ఇచ్చినాడు."

"సంతకం?"

"చాయ్ ఇచ్చినాడంటే తెలవలేదా అబ్బీ? సంతకం పెట్టేవాడు చాయ్ ఇయ్యడు. పేపరు చేతిలో పెడతాడు."

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. చచ్చిన ఇంజన్ని బతికించిన మనిషివి, నిన్ను ఎలా వదులుకుంటాను అన్నాడట. నీవు పోతే దీన్ని ఎవరు చూస్తారన్నాడట. వేసవి పోనీ, చూద్దాం అన్నాడట.

"నువ్వు చెయ్యలేకపోయుంటే అప్పుడే పంపించేసి ఉందును అన్నాడు. నవ్వుతా అన్నాడు. నేనూ నవ్వినా. ఏం చేచ్చా?"

తిట్టి ఉంటే తిరిగి తిట్టుకోవడానికైనా ఉండేది. అర్బాబ్ తిట్టలేదు. బక్రీదుకి భాయ్‌కి కొత్త బట్టలు పంపాడు. గ్యారేజీకి వచ్చిన ప్రతి స్నేహితుడినీ ఆ బండి దగ్గరికి తీసుకువెళ్లేవాడు. ఏ లారీ కిందో పడుకుని ఉన్న భాయ్‌ని పిలిపించి బానెట్ తీయించేవాడు. "రెండువందల యాభై ఎనిమిది. మా ఇంజనీరు కొలిచాడు" అనేవాడు. నేను కొలిచిన అంకె భాయ్ కాలికి గొలుసైంది. తక్కువ వచ్చి ఉంటే షరతు తీరలేదని ఉంచుకునేవాడేమో, ఎక్కువ వచ్చింది గనక పనికొచ్చేవాడని ఉంచుకున్నాడు. కొలిచే ముందు ఇది నాకు ఎందుకు తోచలేదో తెలియదు. ఇంజన్ బలానికి సూత్రాలు నేర్పారు గాని దీనికి నేర్పలేదు.

వేసవి వచ్చింది. జూన్‌లో అడిగితే ఎండలు తగ్గనీ అన్నాడు. ఆగస్టులో అడిగితే ఇంకో మెకానిక్ వీసాకి అప్లై చేశాను, రానీ అన్నాడు. వచ్చినవాడు పెయింటరు. నిజ్వా నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా భాయ్ "వచ్చాండా, వచ్చాండా" అని వస్తున్నట్టే చెప్పేవాడు. గోడలు లేచాయి, రేకులు పడ్డాయి అని అటునుంచి వినిపించేది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం మేముండే హమ్రియా రూములో రొట్టెలు కాలుస్తూ భాయ్ అన్నాడు: "మంచి మెకానిక్‌ని కాబట్టి వదల్లేదు కదా. చెడ్డోణ్ణైతే?"

"ఇంజన్ చెడగొడతావా?"

"నక్కో! దాని తప్పేముంది? దానికి నొప్పి లేకుండా చెయ్యాల."

ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి అందించే ఆ కార్బొరేటర్‌కి నాలుగు గొట్టాలుంటాయి. మామూలుగా నడిచేటప్పుడు ముందు రెండే పనిచేస్తాయి. పెడల్ చాలావరకు తొక్కాక ఒక సన్నటి కడ్డీ వెనక రెండింటినీ తెరుస్తుంది. అప్పుడే అసలు బలం వస్తుంది. ఆ కడ్డీకి ఒక చిన్న క్లిప్పు. క్లిప్పు తీసేస్తే వెనక రెండూ మూసుకునే ఉంటాయి. ఇంజన్‌కి ఏ హానీ లేదు, వేడెక్కదు, అరగదు. బలంలో పావు వంతుకు పైన పోతుంది. అర్బాబ్ తొక్కుతాడు, బండి ఉరకదు. తెచ్చి చూపిస్తాడు. భాయ్ నాలుగుసార్లు విప్పి, నాలుగుసార్లు బిగించి, నాకు అర్థం కావడం లేదంటాడు. అర్థం కానివాణ్ని ఎవరైనా పంపించేస్తారు. ఇదీ ఆలోచన. ఇందులో తప్పు నాకు కనిపించలేదు. సాంకేతికంగా చూస్తే ఇప్పటికీ కనిపించదు.

ఆ గురువారమే సర్వీసుకు వచ్చిన బండిలోంచి క్లిప్పు తీశాడు.

మర్నాడు సాయంత్రం అర్బాబ్ ఖురం బీచి రోడ్డు మీద పిల్లల్ని తిప్పి తీసుకొచ్చాడు. మేమిద్దరం గ్యారేజీ ముందే నిలబడి ఉన్నాం. దిగి, తలుపు మెల్లగా వేసి, "చాలా బాగుంది" అన్నాడు. తర్వాతి వారం, "మునుపటికంటే మెత్తగా పోతోంది. ఏం చేశావు భాయ్?" అన్నాడు. ఆ తర్వాతి వారం భాయ్‌కి హల్వా డబ్బా తెచ్చాడు.

"వీడు తొక్కడేందిరా సామీ!" అన్నాడు భాయ్ హల్వా నాకిచ్చేసి. "ఇంత బండి పెట్టుకోని, పెండ్లికూతురి పల్లకీ మాదిరి మోసుకోని పోతాండాడు!"

"సగం దాటి తొక్కకూడదని చెప్పాం కదా."

"చెప్పింది నువ్వు. నేను యాడ చెప్పినా?"

నిజమే. చెప్పింది నేను, విన్నది అతను. ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ నేను చెప్పిన మాటల్లో ఒక యజమాని తు.చ. తప్పకుండా పాటించినవి ఆ నాలుగే. పెడల్ సగం లోపు తొక్కే మనిషికి వెనక గొట్టాలు ఉన్నాయో లేవో తెలిసే మార్గం లేదు. బలం ఉందని అతనికి తెలిసింది చప్పుడు వల్ల, అంకె వల్ల. చప్పుడు తగ్గలేదు. అంకె నా నోటి నుంచి వచ్చింది, అదీ తగ్గలేదు.

నవంబరు వచ్చింది. నిజ్వా గ్యారేజీకి బోర్డు కట్టారు. ఆ పెద్దాయన నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఇక భాయే అర్బాబ్ దగ్గరికి వెళ్లి, ఇంజన్ బలం తగ్గినట్టుంది, నాకు పట్టుబడడం లేదు, మళ్లీ కొలిపించండి అన్నాడు. అర్బాబ్ సంతోషంగా ఒప్పుకున్నాడు. అతనికి అది ఇంకో విహారం.

మళ్లీ అదే రోడ్డు. గీతలు వేయడం అయిపోయింది, ఇంకొన్నాళ్లలో తెరుస్తారు. మళ్లీ టైర్లు చూశాం, రోడ్డు నడిచి చూశాం. జగిత్యాల ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. "మల్ల అచ్చిన్రా? ఇంకా తూకం ఒడ్వలేదా దీనిది?" అన్నాడు. భాయ్ సీటు బెల్టు బిగించుకున్నాడు. పెడల్ అడుగుదాకా తొక్కాడు. బండి ముందుకు పోయింది గాని నా వీపు సీటులోకి దిగలేదు. ఆరు పాయింట్ రెండు సెకన్లు. ఆరు పరుగులకీ పెద్ద తేడా లేదు. వాతావరణం మార్చిలో ఉన్నట్టే ఉంది కాబట్టి గాలి సవరణ కూడా అదే.

"నూట ఎనభై ఆరు" అన్నాను.

భాయ్ తల దించుకున్నాడు. దించుకోవాలని ముందే అనుకున్నాం గాని, ఆ క్షణంలో అది నటనలా లేదు. తన చేతిపని గురించి అలాంటి అంకె వినడం అతనికి అదే మొదటిసారి.

"నా వల్ల కాలేదు అర్బాబ్" అన్నాడు హిందీలో. "నాకు ఇంతే వచ్చు. మంచి మెకానిక్‌ని పెట్టుకోండి. నన్ను వదిలేయండి."

అర్బాబ్ కోప్పడలేదు. కావా పోశాడు. కొంచెం ఆలోచించి, నా వైపు తిరిగాడు. "ఖురం రోడ్డు మీద నేను తొంభైలో పోతాను. అప్పుడు ఇందులో ఎన్ని గుర్రాలు వాడుకుంటాను?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. గేరు తీసి వదిలిన లెక్కలోంచి అది వస్తుంది. కాగితం తిప్పి, వెనక లెక్క వేసి, చెప్పాను. విని అతను పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు.

"అయితే నూట అరవై ఒకటి ఊరికే నిలబడి ఉన్నాయి! నాకు ఇది ఎక్కువే భాయ్. బాధపడకు. నీ మీద నాకు కోపం లేదు."

"ఎక్కువే అయితే ఎవడైనా చూసుకుంటాడు అర్బాబ్. నేనే ఎందుకు?"

"పరిగెత్తే గుర్రాన్ని ఎవడైనా చూసుకుంటాడు. నిలబడి ఉన్నదాన్ని చూసుకోవడానికే నమ్మకస్తుడు కావాలి. నువ్వు నీ పనిలో లోపాన్ని నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు. అలాంటి మనిషిని ఎవరైనా వదులుకుంటారా?"

ఖర్జూరాల డబ్బా భాయ్ చేతిలో పెట్టాడు. భాయ్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మూత తీయలేదు, కింద పెట్టలేదు.

గ్యారేజీకి వచ్చాక బానెట్ ఎత్తి క్లిప్పు మళ్లీ పెట్టేశాడు. ఎందుకన్నాను. "ఇంక ఎవరి కోసం తీసి పెట్టుకోవాల?" అన్నాడు. నిజ్వాలో డిసెంబరు మొదటి వారంలో ఇంకెవరో ఫోర్‌మన్‌గా చేరారని విన్నాం. నేను ఏడాది తర్వాత వచ్చేశాను. కార్పెంటర్‌ని గనక నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. భాయ్ అక్కడే ఉన్నాడు. వీసా రెన్యూ అయినప్పుడు కూడా అందులో హెల్పర్ అనే రాశారు.

నేను వచ్చేముందు అర్బాబ్ ఆ బండి వెనక అద్దానికి మూడువందల యాభై అని ఇత్తడి రంగు అంకెలు అంటించుకున్నాడు. కొలిచినది రెండువందల యాభై ఎనిమిది, క్లిప్పు తీసినప్పుడు నూట ఎనభై ఆరు. ఖురం రోడ్డు మీద తొంభై కిలోమీటర్ల వేగంలో అతను వాడుకునేది ఇరవై అయిదు.